మా ఇంట్లో లక్ష్మీపతి

కోట శ్రీనివాసరావు పోయిన రోజు మా నాన్న ఒక మాట అన్నాడు. ఆ మాటతోనే ఇది మొదలైంది.

2025 జులై 13, ఆదివారం. నాన్నకి కళ్ళ పరీక్ష చేయించాలని అమ్మానాన్నల్ని తణుకు నుంచి హైదరాబాద్ రప్పించాను. కూకట్‌పల్లిలో నా ఫ్లాట్‌లోనే ఉన్నారు. పొద్దున్నే ఫోన్ తీసేసరికి వాట్సాప్ నిండా అదే వార్త. ఒక్కో గ్రూపులో ఒక్కో ఫొటో. స్టేటస్‌లు చూస్తే సగంమంది పెట్టింది ఒకటే క్లిప్: దూలానికి తాడుతో కట్టిన కోడి, దాని కింద కూర్చుని దాన్నే చూస్తూ ఉత్త అన్నం తింటున్న ముసలాయన.

'నాన్నా, కోట శ్రీనివాసరావు పోయారంట' అన్నాను.

నాన్న కాఫీ తాగడం ఆపాడు. కాసేపు కిటికీ వైపు చూశాడు. తర్వాత గ్లాసు అడుగున మిగిలిన పంచదారని చెంచాతో గీకి నోట్లో వేసుకుని, 'అయితే నా పేరుగలాయన వెళ్ళిపోయాడన్నమాట' అన్నాడు.

నాకు కాఫీ పొలమారింది.

ఎందుకంటే మా నాన్న పేరు శ్రీనివాసరావు కాదు. ఆయన అన్న పేరు వేరు. ఇరవై నాలుగేళ్ళ నుంచి నేనూ అక్కా ఆయన వెనకాల, ఆయనకి తెలియదనుకుని పిలుచుకుంటున్న పేరు: లక్ష్మీపతి.

•••

మీలో చాలామంది 'అహ నా పెళ్ళంట!' ని సినిమాగా చూసి ఉండకపోవచ్చు. ముక్కలుగా మాత్రం తప్పకుండా చూసి ఉంటారు. నెలాఖరు మీమ్స్‌లో, శాలరీ జోకుల్లో, పార్టీ ఇవ్వని ఫ్రెండ్‌ని ఏడిపించడానికి వాడే జిఫ్‌లలో ఆ కోడి వేలాడుతూనే ఉంటుంది. అసలు సినిమా 1987 నవంబర్ 27న వచ్చింది. దర్శకుడు జంధ్యాల, నిర్మాత రామానాయుడు. ఆదివిష్ణు రాసిన 'సత్యంగారిల్లు' అనే నవల దీనికి ఆధారం. టైటిల్ 'మాయాబజార్' పాటలోంచి వచ్చింది. ఆ తర్వాతి ఏడాది తీసిన 'వివాహ భోజనంబు'కి కూడా జంధ్యాల ఆ సినిమా పాట దగ్గరికే వెళ్ళాడు.

కథ చాలా చిన్నది. డబ్బున్న ఇంటి అబ్బాయి కృష్ణమూర్తి (రాజేంద్రప్రసాద్) పద్మ (రజని) అనే అమ్మాయిని ప్రేమిస్తాడు. పద్మ తండ్రి లక్ష్మీపతి (కోట) పరమ పిసినారి. అబ్బాయి తండ్రికేమో (నూతన్ ప్రసాద్) పిసినారులంటే పడదు. దాంతో అబ్బాయి తన డబ్బూ దర్పం ఏమీ చెప్పుకోకుండా ఆ ఇంట్లోనే అద్దెకి దిగి, లక్ష్మీపతిని మించిన పిసినారిలా నటించి ఆయన మనసు గెలవాలి. అంతే. ఫైట్లు లేకపోయినా, పెద్ద విలనెవరూ లేకపోయినా జనం ఇప్పటికీ చూస్తున్నారు.

నేను మొదటిసారి చూసింది 2001లో, ఎనిమిదేళ్ళప్పుడు. ఆదివారం మధ్యాహ్నం, మా ఇంట్లో ఉన్న చిన్న టీవీలో. లక్ష్మీపతి బట్టలు అరిగిపోతాయని న్యూస్‌పేపర్ చుట్టుకుని తిరిగే సీను రాగానే అక్క నా చెవి దగ్గరికి వంగి, 'ఒరేయ్, అచ్చం నాన్నలాగే ఉన్నాడు కదరా' అంది. నేను నవ్వు ఆపుకోలేక దిండులో మొహం పెట్టేసుకున్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో లక్ష్మీపతి అంటే నాన్నే.

•••

పేరు ఊరికే పెట్టలేదు. సాక్ష్యాలు ఉన్నాయి.

సబ్బు అరిగి బిళ్ళలా అయ్యాక దాన్ని కొత్త సబ్బుకి అతికించేవాడు. టూత్‌పేస్ట్ ట్యూబ్ నొక్కితే రాని స్థితికి వచ్చాక కత్తెరతో కోసి, లోపల ఉన్నది ఇంకో నాలుగు రోజులు వాడించేవాడు. పెళ్ళి శుభలేఖల వెనక ఖాళీ భాగం మా రఫ్ బుక్. కేలెండర్ కాగితాలు పుస్తకాలకి అట్టలు. గ్యాస్ బండ మార్చిన తేదీ గోడ మీద పెన్సిల్‌తో రాసి, కిందటిసారి కంటే రెండు రోజులు ముందే అయిపోతే అమ్మని కారణం అడిగేవాడు. మామిడిపండ్లు మా ఇంటికి సీజన్ చివర్లో, ధర పడిపోయాకే వచ్చేవి. ఎంగిలి చేత్తో కాకిని తోలడు అంటారే, మా వీధిలో ఆ సామెతకి ఉదాహరణ మా ఇల్లే.

నాన్న ఆర్టీసీలో కండక్టర్. ఆ ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. రోజూ చేతిలో వేల రూపాయలు ఆడతాయి, అందులో ఒక్కటి కూడా తనది కాదు. డ్యూటీ దిగాక డిపోలో లెక్క అప్పజెప్పేటప్పుడు తగ్గితే జేబులోంచి కట్టాలి. అందుకే ఆయనకి రూపాయి అంటే రూపాయే, తొంభై తొమ్మిది పైసలు కాదు. ఆ రోజుల్లో టికెట్ మెషీన్లు లేవు, చింపి ఇచ్చే కాగితం టికెట్లే. చిల్లర లేకపోతే టికెట్ వెనక ఇవ్వాల్సిన బాకీ పెన్నుతో రాసి, 'దిగేటప్పుడు అడిగి తీసుకోండి' అనేవాడు. సెలవుల్లో ఆయన బస్సెక్కినప్పుడల్లా ఆ మాట వందసార్లు వినేవాణ్ణి.

'అడగడం మర్చిపోయి దిగిపోతే?' అని ఒకసారి అడిగాను.

'గుర్తున్నవాళ్ళు అడుగుతారు. అడగనివాళ్ళని వెతికి పట్టుకుని ఇవ్వడానికి బస్సు ఆగదు కదరా' అన్నాడు.

ఇక కోడి సంగతి. మా ఇంట్లో కోడికూర పదిహేను రోజులకొకసారి, ఆదివారం నాడు. అరకేజీ. నలుగురికి అరకేజీ. నాన్నే సంచి పట్టుకెళ్ళి తెచ్చేవాడు. అమ్మ నిండా నీళ్ళు పోసి, ఉల్లిపాయలు ఎక్కువ వేసి, బంగాళాదుంపలు కూడా కలిపి గిన్నె నింపేది. వడ్డించేటప్పుడు ఒక లెక్క ఉండేది. లెగ్ పీస్ ఒకటి నాకు, ఒకటి అక్కకి. బస్సులో పొద్దస్తమానం నిలబడే మనిషి కాబట్టి నాన్నకి నాలుగైదు ముక్కలు. అమ్మకి పులుసు.

'నువ్వు ముక్క వేసుకోవేంటమ్మా?' అని అడిగిన గుర్తు ఉంది.

'నాకు పడదు నాన్నా. తింటే కడుపులో మంట' అనేది.

నేను నమ్మాను. ఎనిమిదేళ్ళవాడిని కాబట్టి నమ్మాను అనుకోవచ్చు. కానీ పద్దెనిమిదేళ్ళప్పుడు కూడా నమ్మాను. ఇరవై ఎనిమిదేళ్ళకి సొంతంగా జీతం తెచ్చుకుంటూ కూడా నమ్మాను. పండక్కి ఇంటికెళ్తే అమ్మ వండిన కోడికూర నేను తింటూ, పక్కనే అమ్మ పులుసన్నం తింటుంటే చూస్తూ, 'పాపం, అమ్మకి పడదు' అనుకున్నాను.

•••

ఆ ఆదివారం మధ్యాహ్నం సినిమా పెడదామన్నది నేనే. యూట్యూబ్‌లో ఉంది. టీవీకి కనెక్ట్ చేశాను. అమ్మ సోఫాలో, నాన్న కుర్చీలో, నేను కింద. బోనాల రోజులు, ఎక్కడి నుంచో డప్పు వినిపిస్తోంది. కిటికీ వేసేశాను. అక్క బెంగళూరు నుంచి ఫోన్ చేసి, 'మన సినిమా చూస్తున్నారా? నేనూ పెట్టుకుంటా' అంది. 'మన' అన్న మాటని కొంచెం నొక్కింది. 'నాన్నకి తెలుసే' అని మెల్లగా చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

వంట వద్దని చెప్పి బిర్యానీ ఆర్డర్ పెట్టాను. నాన్న మొదటి ప్రశ్న: 'ఎంత?' రెండో ప్రశ్న: 'వాడు ఇక్కడికి తెచ్చినందుకు విడిగా తీసుకుంటాడా?' మూడోది ఆయన అడగలేదు, మొహంలోనే కనిపించింది. నేను బిల్లులో సగం చెప్పాను. మా తరంలో చాలామంది అమ్మానాన్నలకి చెప్పే ధరలు అలాగే ఉంటాయి.

పెద్దయ్యాక చూస్తుంటే సినిమా వేరేలా ఉంది. చిన్నప్పుడు కోడి, పేపరు, అరగుండు తప్ప ఏమీ గుర్తులేదు. ఇప్పుడు మొదట చెవికి తగిలింది భాష. జంధ్యాల పుట్టింది నరసాపురంలో, అంటే మా జిల్లావాడే. 'శంకరాభరణం' లాంటి సినిమాకి మాటలు రాసిన చెయ్యే ఇక్కడ తిట్లు కూడా రాసింది. తిట్టులో బూతు ఉండదు, కానీ ఎదుటివాడు లేవలేడు. మనం రోజూ వాడే 'సుత్తి' అన్న మాట కూడా ఆయన 'నాలుగు స్తంభాలాట' (1982) నుంచే జనం నోళ్ళలోకి వచ్చింది. మీటింగ్‌లో మేనేజర్ సుత్తి కొడుతున్నాడని మెసేజ్ పెట్టే ప్రతివాళ్ళూ ఒక రకంగా జంధ్యాలకి బాకీనే.

రెండోది అరగుండు. బ్రహ్మానందాన్ని జనం గుర్తుపట్టింది ఈ పాత్రతోనే. అంతకుముందు ఆయన మా తణుకు పక్కనే అత్తిలిలో తెలుగు లెక్చరర్. చిన్నప్పుడు మా ఊళ్ళో ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాళ్ళు. సగం గుండుతో, యజమాని చేత తిట్లు తింటూ, అటు తిరిగి గొణుక్కుంటూ, మనసులో ఉన్నదంతా వింత వింత తిట్లుగా కక్కే ఆ మనిషిని చూసి చిన్నప్పుడు పడీ పడీ నవ్వాను. ఇప్పుడు నవ్వుతూనే ఒక్క క్షణం ఆగాను. ఆఫీస్ కాల్‌లో మ్యూట్ నొక్కి నేను చేసేది అదే. గుండు ఒక్కటే తేడా.

మూడోది కోట. 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో కాశయ్యగా జనాన్ని వణికించిన మనిషి ఆయన. రెండేళ్ళ తర్వాత చిరిగిన బట్టల్లో ఈ పిసినారిగా కనిపించాడు. నిర్మాత మనసులో ఆ పాత్రకి మొదట రావు గోపాలరావు ఉన్నారనీ, జంధ్యాల మాత్రం తననే కావాలన్నారనీ కోట చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. సినిమాల్లోకి రాకముందు ఆయనది బ్యాంకు ఉద్యోగం. డబ్బు లెక్కపెట్టే చేతులు ఎలా కదులుతాయో ఆయన సినిమాకోసం నేర్చుకోనక్కర్లేదు. ఈ సంగతి నాన్నతో అంటే, 'అదీ సంగతి' అని తలూపాడు. ఒక క్యాష్ మనిషి ఇంకో క్యాష్ మనిషిని గుర్తుపట్టినట్టు.

మూడేళ్ళ పిల్లాడి నుంచి ముసలాయన దాకా అందరూ లక్ష్మీపతిని ఎందుకు ఇష్టపడతారో కూడా ఇప్పుడు అర్థమైంది. ఆయన ఇంకొకళ్ళ దగ్గర నొక్కేసి తను దర్జాగా బతకడు. తనకి కూడా పెట్టుకోడు. పేపరు చుట్టుకునేది తనే, ఉత్త అన్నం మింగేది తనే. ఆ పిసినారితనంలో ఒక రకం నిజాయితీ ఉంది. అందుకే కోపం రాదు, నవ్వొస్తుంది.

ఈ మాట పైకే అన్నాను. నాన్న ఏమీ అనలేదు.

•••

సరిగ్గా ఆ కోడి సీను వచ్చేసరికి బిర్యానీ వచ్చింది.

పాజ్ చేయమంటే అమ్మ వద్దంది. 'ఈ సీను నేనెప్పుడూ చూడలేదురా' అంది. నాకు వింతగా అనిపించింది. ఈ సినిమా మా ఇంట్లో పదిసార్లయినా చూసి ఉంటాం. తర్వాత గుర్తొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం అంటే అమ్మ వంటింట్లో ఉండే టైమ్. మాకు వడ్డించి, మేము తిన్న కంచాలు తీసి, గిన్నె అడుగున మిగిలిన పులుసులో అన్నం కలుపుకుని గుమ్మం దగ్గర కూర్చునేది. టీవీ శబ్దం వినేది. బొమ్మ చూసేది కాదు.

ముగ్గురికీ ప్లేట్లలో పెట్టాను. అమ్మ ప్లేట్‌లో అలవాటు ప్రకారం అన్నం, కొంచెం పెరుగుపచ్చడి. లెగ్ పీస్ నా ప్లేట్‌లో వేసుకోబోయాను. అమ్మ టీవీ వైపే చూస్తూ, 'అదిటు వెయ్యి' అంది.

'నీకు పడదుగా?'

'ఎవరు చెప్పారు?'

'నువ్వే కదా.'

అమ్మ సమాధానం చెప్పలేదు. తెర మీద లక్ష్మీపతి కోడిని చూసి ముద్ద మింగుతున్నాడు. అమ్మ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ నవ్వు తగ్గాక, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ మామూలుగా ఒక మాట అంది.

'ఆయనే నయంరా. ఎవరికీ అందకుండా పైన కట్టాడు. తనూ తినలేదు.'

ఆ మాట ఎవరినీ ఉద్దేశించి అన్నట్టు లేదు. కూరలో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా అంది. అని, లెగ్ పీస్ తీసుకుని తినడం మొదలుపెట్టింది. ఎంత ఇష్టంగా తింటోందంటే, ఎముక దగ్గర మెత్తటి భాగం కొరికి, ఎముక చివర విరిచి, లోపలి మూలుగు కూడా పీల్చింది. అది ఆ రోజు నేర్చుకున్న పని కాదు. చిన్నప్పుడు పుట్టింట్లో ఎప్పుడో నేర్చుకున్నది, ముప్ఫై ఏళ్ళకి పైగా వాడకుండా దాచిపెట్టినది.

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నాన్న సినిమా చూడటం మానేసి అమ్మని చూస్తున్నాడు.

ఇన్నాళ్ళూ కోడిని చూస్తూ ఉత్త అన్నం తిన్న మనిషి ఎవరో మాకు తెలియలేదు. మేము ఆ పేరు తీసుకెళ్ళి నాన్నకి పెట్టాం.

•••

చాలాసేపటికి నాన్న నోరు విప్పాడు.

'అడగొచ్చు కదే' అన్నాడు. కోపం కాదు. లెక్క తేలనప్పుడు గొంతు ఎలా ఉంటుందో అలా ఉంది.

అమ్మ వేళ్ళు నాకుతూ, 'దిగేటప్పుడు అడుగుదామనుకున్నా లెండి' అంది.

కండక్టర్ పెళ్ళాం కదా. జోకు కూడా టికెట్ భాషలోనే వేసింది. నేను నవ్వబోయి ఆగిపోయాను. నాన్న నవ్వలేదు. రిమోట్ అందుకుని సౌండ్ కొంచెం పెంచాడు.

నాన్నని విలన్ చెయ్యడం నాకిష్టం లేదు, అది నిజం కూడా కాదు. తాతయ్య పోయినప్పుడు ఇద్దరు మేనత్తల పెళ్ళిళ్ళు ఆయన మీదే పడ్డాయి. ఆ అప్పు తీరింది 2006లో. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. ఆ రోజు నోటు చింపేసి ఇంటికొచ్చి స్వీట్లు పంచాడు, అది కూడా పావుకేజీ. ఆయనకి సిగరెట్ లేదు, టీ కొట్టు లేదు, సెకండ్ షో లేదు. రెండు జతల ఖాకీ బట్టలతో ఏళ్ళు గడిపాడు. నా ఇంజినీరింగ్ ఫీజు ఏ ఏడాదీ ఆలస్యం కాలేదు. ఇవన్నీ తలుచుకుంటే, నేనూ అక్కా ఆయన వెనక ఆ పేరు పెట్టి నవ్వినందుకు సిగ్గుగానే ఉంటుంది. ఆయనకి తెలిసీ ఇన్నేళ్ళు ఒక్క మాట కూడా అనలేదని తెలిశాక ఇంకా సిగ్గేసింది.

మామూలుగా ఇలాంటి కథలు ఇక్కడితో ఆగిపోతాయి. నాన్న పిసినారితనం వెనక ప్రేమ ఉందని తెలిసి, కొడుకు కళ్ళు తుడుచుకుంటాడు. మనం లైక్ కొడతాం, షేర్ చేస్తాం. నా లెక్క మాత్రం అక్కడితో తేలలేదు.

ఎందుకంటే 2006లో అప్పు తీరింది. అరకేజీ మాత్రం అరకేజీగానే ఉంది. 2011లో జీతం పెరిగి ఉంటుంది, అక్క ఉద్యోగంలో చేరింది, 2015లో నేనూ చేరాను. అయినా అమ్మకి 'పడని' జబ్బు తగ్గలేదు. అవసరం పోయాక అలవాటు మిగిలింది. అలవాటుకి కారణం ఎవరూ అడగరు. నాన్న గ్యాస్ బండ రెండు రోజులు ముందు అయిపోతే గోడ మీద చూసి కనిపెట్టేవాడు. గిన్నెలో ముక్కలు ఎవరి కంచంలోకి వెళ్తున్నాయో మాత్రం ముప్ఫై ఏళ్ళు కనిపెట్టలేదు. ఆయన పొదుపులో పెద్ద భాగం బ్యాంకు పుస్తకంలో కనపడదు. అది అమ్మ కంచంలోంచి వచ్చింది.

సరే, నాన్న చూడలేదు. నేను చూశానా? ఆ లెగ్ పీస్ తిన్నది నేను. నాన్నని పిసినారి అని వెక్కిరిస్తూ, ఆ పిసినారితనంలో నాకు రావాల్సిన వాటా మాత్రం ప్రతి పదిహేను రోజులకీ తీసుకున్నవాణ్ణి నేను. ఇప్పుడు వారానికి నాలుగుసార్లు బయట తిండి తెప్పించుకుంటాను. సగం తిని పారేస్తాను. ఉద్యోగం వచ్చి పదేళ్ళయింది. ఈ పదేళ్ళలో అమ్మని కనీసం ఒక్కసారి, 'డాక్టర్‌కి చూపిద్దామా, ఎందుకు పడట్లేదో' అని కూడా అడగలేదు. అడిగి ఉంటే అబద్ధం ఆ రోజే బయటపడేది. పడదన్న మాట నాకు సౌకర్యంగా ఉంది కాబట్టే నమ్మాను.

ఆ సినిమాని అన్నిసార్లు చూసి, ఆ ఇంట్లో పద్మ ఏం తిని బతికిందో కూడా నేనెప్పుడూ ఆలోచించలేదు. తండ్రి పిసినారితనం చూసి మనం నవ్వుతాం. దాని కింద పెరిగిన పిల్ల పెళ్ళయి బయటపడితే చాలనుకుంటాం. ఇది జంధ్యాలని తప్పుపట్టడం కాదు. ఆయన హాస్యం తీశాడు, గొప్పగా తీశాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత కూడా ఆ సీను మా అమ్మని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వించింది. అంతేకాదు, ఎవరూ అడగని ఒక మాటని ఆ నవ్వులోనే బయటికి తెప్పించింది. సీరియస్ సినిమా అయితే అమ్మ ఆ మాట అనేది కాదు. 'పాపం' అని ఊరుకునేది.

•••

సినిమా అయిపోయింది. నాన్న లేచి ప్లేట్లు తీశాడు. మా ఇంట్లో నాన్న ప్లేట్లు తీయడం నేను చూడటం అదే మొదటిసారి. సింకు దగ్గర నీళ్ళు చాలా సన్నగా వదిలి కడిగాడు. అది మాత్రం మారలేదు.

రాత్రి నేను లాప్‌టాప్ ముందు కూర్చుంటే పక్కనే వచ్చి కూర్చున్నాడు.

'ఆ పేరు ఎవరు పెట్టార్రా? నువ్వా, అక్కా?'

'అక్కే. నీకెప్పుడు తెలిసింది?'

'మొదటి రోజే. దిండులో మొహం పెట్టుకున్నా నవ్వు వినపడుతుంది కదా.' కాసేపాగి, 'ఆయన బాగా చేశాడు. నాకేం కోపం లేదు. ఊళ్ళో జనం నవ్వే మనిషికి ఎవడూ అప్పివ్వమని రాడు, అది లాభమే' అన్నాడు. ఇంకాసేపాగి, 'మీ అమ్మ సంగతి మాత్రం నాకు తెలియదురా' అన్నాడు.

'నాకూ తెలియదు నాన్నా.'

ఇద్దరం ఊరుకున్నాం. ఒకరినొకరు ఓదార్చుకునే హక్కు ఇద్దరికీ లేదు. లోపలి గదిలో అమ్మ ఫోన్‌లో అక్కతో మాట్లాడుతోంది. 'బిర్యానీ బాగానే ఉంది గానీ, ముక్క సరిగా ఉడకలేదే' అంటోంది. ఇన్నేళ్ళకి ముక్క గురించి ఒక కంప్లయింట్. వినడానికి హాయిగా అనిపించింది.

కళ్ళ పరీక్ష అయింది. నాన్నకి కొత్త అద్దాలొచ్చాయి. పాత ఫ్రేముకే వేయించుకున్నాడు. బుధవారం రాత్రి బస్సుకి ఇద్దరూ తణుకు వెళ్ళిపోయారు.

తర్వాతి ఆదివారం పదకొండింటికి అమ్మ వీడియో కాల్ చేసింది. వెనక పొయ్యి మీద గిన్నె. మొహం విసుగ్గా ఉంది.

'మీ నాన్న ఏం చేశారో చూడు. కేజీ తెచ్చారు. ఇద్దరికి కేజీ! ఎవరు తింటార్రా ఇదంతా?'

'నువ్వు తిను.'

'తింటాలే. రేపటిక్కూడా వస్తుంది.' తర్వాత గొంతు తగ్గించి, 'కొట్టువాడితో అరగంట బేరమాడారంట. ఇంటికొచ్చాక ముక్కలు లెక్కపెట్టారు' అంది.

'ఎందుకు?'

అమ్మ కెమెరాని అటు తిప్పింది. వంటింటి గట్టు మీద రెండు పళ్ళేలు. నాన్న కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, గరిటతో ముక్కలు తీసి, ఒకటి ఇటు, ఒకటి అటు వేస్తున్నాడు. చిల్లర ఇస్తున్నప్పుడు ఎంత శ్రద్ధగా ఉండేవాడో అంత శ్రద్ధగా.